చెవితో చూసిన ఉప్పు

ప్రకటన మొత్తం ఇరవై సెకన్లు. అందులో మాలిక్ కనబడేది మూడంటే మూడు సెకన్లు, అదీ వెనకవైపు నుంచి. తెల్లకోటు వేసుకుని ఒక గిన్నె మీదికి వంగి ఉంటాడు. వెంటనే ఎవరో జడ్జీ కనుబొమలు పైకి లేస్తాయి. ఆ మీదట డప్పుల మోత, నాలుగు మంటలు, ‘గరిట పోరు, రెండో సీజన్, వచ్చే నెల మొదటి ఆదివారం సాయంత్రం ఆరున్నరకి’ అన్న అక్షరాలు. అంతే.

ఆ మూడు సెకన్ల కోసం పెదకాకానిలో ఒక వీధి వీధంతా ప్రకటనలు చూడటం మొదలుపెట్టింది. మామూలుగా ప్రకటనలు రాగానే లేచి పొయ్యి మీద పాలు చూసుకునే ఆడవాళ్ళు ఇప్పుడు సీరియల్ రాగానే లేచి వెళ్తున్నారు. జడ్జీ కనుబొమలు లేచింది మెచ్చుకునా, వెక్కిరించా అని వాదనలు పెట్టుకున్నారు. ఆ వాదనల్లో అందరికన్నా గొంతు పెద్దది కరీమున్‌ది.

పెద్దదంటే పెద్దదే మరి. మాలిక్ ఆమె తమ్ముడి కొడుకు. తమ్ముడు లారీ మీద దేశాలు తిరుగుతుంటే, మరదలు పత్తి తీతకి పోతుంటే, పిల్లవాడు మేనత్త కొంగు పట్టుకుని పెళ్ళి పందిళ్ళలో పెరిగాడు. కరీమున్‌కి ఇప్పుడు అరవై రెండు. నలభై ఏళ్ళుగా పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వండుతోంది. ఆమె భర్త ఆదాం పొయ్యిలు తవ్వుతాడు, కట్టెలు పేరుస్తాడు, మాట్లాడడు. ఇద్దరి మాటలూ ఆమే మాట్లాడేస్తుంది కాబట్టి ఆ ఇంట్లో ఆ లోటు తెలియదు.

కరీమున్ వంటలో అందరికీ తెలిసిన వింత ఒకటుంది. ఆమె రుచి చూడదు. పెళ్ళైన కొత్తలో రంజాను నెలంతా ఉపవాసముంటూ ఊరికి ఇఫ్తారు వండాల్సి వచ్చింది. నాలుక చివర తాకించి ఉమ్మేస్తే తప్పులేదని పెద్దలు చెప్పినా ఆమె వినలేదు. గిన్నె అంచున చెవి పెట్టి, ఆవిరి పీల్చి ఉప్పు చెప్పడం నేర్చుకుంది. ఆమె ఎక్కువగా వండేది దాల్చా, శనగపప్పులో మాంసం, సొరకాయ వేసిన పులుసు. ఉప్పు చాలని దాల్చా గలగలమంటుందట, సరిపోయింది కుతకుతమంటుందట, ఎక్కువైంది ముసలాయనలా గొణుగుతుందట. పండగైపోయాక కూడా ఆ పద్ధతే ఉండిపోయింది. “ముప్పై రోజులు నాలిక లేకుండా వండేదానికి తక్కిన రోజులు నాలికెందుకు?” అంటుంది. ఇందులో శాస్త్రం ఎంతుందో చెప్పగల మనిషి పెదకాకానిలో లేడు, ఉన్నా ఆమె ముందు చెప్పడు.

ఎదురింటి సామ్రాజ్యం ఒక్కతే ఆ ధైర్యం చేస్తుంది. సామ్రాజ్యానిది కర్రీ పాయింట్. మధ్యాహ్నానికి పది రకాలు వండి కవర్లలో కట్టి అమ్ముతుంది, పది రకాలూ పదిసార్లు రుచి చూస్తుంది. పండక్కీ పబ్బానికీ కరీమున్ గిన్నె పంపిస్తే వేలితో నాకి, కళ్ళు మూసుకుని, “బాగుంది వదినా. ఒక్క చిటికెడు ఉప్పు పడాలి” అంటుంది. ఇరవై ఏళ్ళుగా అదే మాట. ఇరవై ఏళ్ళుగా కరీమున్ జవాబూ ఒకటే, “నీ నాలిక తుప్పు పట్టింది.”

ఆ ఇద్దరి మధ్య గుచ్చుకునే ముల్లు ఒకటుంది. మూడేళ్ళ కిందట విజయవాడలో పెద్ద హోటలుకి మాలిక్ హెడ్ చెఫ్ అయినప్పుడు పేపర్లో ఫోటో వేసి నాలుగు ప్రశ్నలు అడిగారు. వంట ఎక్కడ నేర్చుకున్నారంటే ‘హైదరాబాద్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ చదివాను’ అని ఉంది. అత్త ఊసు లేదు. కరీమున్ ఆ పేపరు చించలేదు, దాచుకోలేదు. మసాలా డబ్బాల అరలో పరిచి, సరిగ్గా మాలిక్ మొహం మీద కారం డబ్బా పెట్టింది. సామ్రాజ్యం వచ్చినప్పుడల్లా ఆ డబ్బా ఎత్తి, “ఏరా మాలిక్, బాగున్నావా?” అని పలకరించి మళ్ళీ పెడుతుంది.

ప్రకటన వచ్చిన మూడో రోజు కర్రీ పాయింట్ ముందు సామ్రాజ్యమే కదిపింది.

“టీవీలో అయితే తప్పకుండా అడుగుతారు, ఎవరు నేర్పారని. మీవాడు ఈసారన్నా నీ పేరు చెప్తాడంటావా?”

“చెప్పక నీ పేరు చెప్తాడా?”

“మళ్ళీ హైదరాబాదే అంటాడేమోనని.”

అక్కడ పప్పు కవర్ల కోసం నిలబడ్డ నలుగురూ నవ్వారు. నలుగురిలో నవ్వితే కరీమున్‌కి ఒళ్ళు మండుతుంది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి. “మొదటి ఎపిసోడ్ అయ్యేలోపల వాడి నోటి నుంచి నా పేరు రాకపోతే ఒక టిక్కీ తేజ కాయలకి ఒక్కదాన్నే కూర్చుని తొడిమలు తీస్తా. ఉత్త చేతుల్తో. వచ్చిందా, నువ్వు తియ్యాలి,” అంది.

టిక్కీ అంటే నలభై కిలోల బస్తా. తేజ మిరపకాయ అంటే ఘాటుకి పెట్టింది పేరు. గ్లౌజులు లేకుండా దాని తొడిమలు తీస్తే వేళ్ళు రెండు రోజులు మనవి కావు. సామ్రాజ్యం ఒక్క క్షణం తటపటాయించింది గానీ వెనక్కి తగ్గితే వీధిలో తలెత్తుకోలేదు. ఒప్పుకుంది. తీర్పరిగా జక్రయ్యని పెట్టుకున్నారు. ఊరి చివర మిరప కల్లం ఆయనదే, కాయలూ ఆయనవే. ఎవరు ఓడినా తన కాయల తొడిమలే ఊడతాయి కాబట్టి ఆయనంత నిష్పక్షపాతి ఆ చుట్టుపక్కల దొరకడు. “‘కరీమున్’ అనాలి, లేకపోతే ‘మా అత్త’ అనాలి. సైగలూ గీగలూ చెల్లవు,” అని రూలు చెప్పాడు.

ఆ పైన రంజాను పండక్కి మాలిక్ ఊరికి వచ్చాడు. మొదటి ఎపిసోడ్‌కి ఇంకా ఎనిమిది రోజులుంది. జనవరిలోనే నెల్లాళ్ళు సెలవు పెట్టి హైదరాబాదులో షూటింగు పూర్తి చేసుకొచ్చాడు, కానీ ఏం జరిగిందో చెప్పకూడదని సంతకం పెట్టాడట. ఎన్నాళ్ళున్నాడో లెక్కేసి గెలుపోటములు తేల్చుదామని వీధివాళ్ళు చూశారు. ఓడినవాళ్ళనీ గెలిచినవాళ్ళనీ కలిపి ఆఖరిదాకా ఒకే చోట ఉంచారని చెప్పి అతను ఆ దారీ మూసేశాడు.

కరీమున్ ముందు మంచిగా అడిగింది. తర్వాత ఆదాంతో అడిగించింది. ఆదాం గడ్డం దువ్వుకుంటూ మాలిక్ పక్కన అరగంట కూర్చుని, “ఎండలు ముదిరినాయి,” అని లేచి వచ్చాడు. ఇక లాభం లేదని ఆమె తన ఆయుధం తీసింది. మధ్యాహ్నం దాల్చాలో కావాలని ఉప్పు రెండింతలు పోసింది. అంత పెద్ద చెఫ్ నోట్లో ఉప్పు కషాయం పడితే ఊరుకుంటాడా? ఇలా అయితే జడ్జీలు విసిరికొడతారనో, అక్కడ నేను ఇలా వండలేదనో ఏదో ఒకటి జారతాడు, ఆ తోక పట్టుకుని లాగొచ్చని ఆమె లెక్క.

మాలిక్ మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఆగాడు. మొహంలో రంగు మారింది. తలెత్తకుండా రెండో ముద్ద కలిపాడు.

“ఎలా ఉందిరా?”

“ఉప్పు... సరిపోయిందత్తా.”

కంచం ఖాళీ చేసి, ఇంకో గరిటె వేయించుకుని అదీ తిన్నాడు. పక్కన ఆదాం రెండు చెంబుల నీళ్ళు తాగాడు. కరీమున్‌కి మతి పోయింది. చిన్నప్పుడు ఉల్లిపాయ ముక్క పెద్దదైతే ఏరి పారేసిన పిల్లాడు వీడు. ఇంత మర్యాద ఎప్పుడు నేర్చాడు? గెలిచాడు, అందుకే ఒదిగి ఉన్నాడని తేల్చుకుంది. పండిన కంకి వంగుతుందంటారు కదా.

చేతులు కడుక్కుంటూ మాలిక్ ఉన్నట్టుండి అడిగాడు. “అత్తా, నువ్వు నిజంగా ఎప్పుడూ రుచి చూడలేదా? దొంగచాటుగా ఒక్కసారైనా?”

“నా చెయ్యి తెగిపోవాల. పక్కన బ్యాండుమేళం మోగుతున్నా గిన్నె నాతో మాట్లాడుద్దిరా.”

“ఒకవేళ మాట్లాడకపోతే?”

“అప్పుడు వండేవాడికి చెవుడన్నమాట. అయినా అదేంటి కొత్తగా? సరేగానీ, అక్కడ నా పేరు చెప్పావా లేదా? అది ఒక్కటి చెప్పి చావు.”

“సంతకం పెట్టానత్తా,” అన్నాడు మాలిక్. ఆ సాయంత్రమే విజయవాడ బస్సెక్కాడు.

ఆదివారం వచ్చింది. సామ్రాజ్యం తన టీవీని కర్రీ పాయింట్ బల్ల మీదికి తెచ్చి పెట్టించింది. వీధంతా కుర్చీలు మోసుకొచ్చుకుంది. జక్రయ్య మరీ ముందుచూపుతో మిరపకాయల టిక్కీని ట్రాలీలో వేసుకొచ్చి సరిగ్గా టీవీ కింద దింపించాడు. ముందు వరసలో కూర్చున్నవాళ్ళు తుమ్ముతూనే ఉన్నారు. కరీమున్ పండగ చీర మళ్ళీ కట్టుకుని మధ్య కుర్చీలో కూర్చుంది.

డప్పులు మోగాయి, మంటలు లేచాయి. ఎనిమిది మంది చెఫ్‌లు, అందరూ పెద్ద పెద్ద హోటళ్ళ వాళ్ళు. తలా ఒక పొయ్యి. మంట కనబడని కరెంటు పొయ్యిలవి, నల్ల పలకల్లా నున్నగా ఉన్నాయి. నెత్తి మీద పొగ లాగే ఫ్యాన్లు హోరుమంటున్నాయి. ‘మీ పుట్టినూరి వంట ఒకటి చెయ్యండి’ అన్నారు జడ్జీలు. మాలిక్ సొరకాయ చేతిలోకి తీసుకోగానే కరీమున్ కుర్చీ చివరికి జరిగింది.

“దాల్చా! నా దాల్చా!”

శనగపప్పు ఉడికించాడు, మాంసం వేయించాడు, చింతపండు పులుసు పోశాడు. ప్రతి అడుగూ ఆమెదే. సొరకాయ ముక్కలు వేసే ముందు చెయ్యి గాల్లో ఒక్క క్షణం ఆపడం కూడా ఆమెదే. చివరికి మాలిక్ టోపీ తీసి పక్కన పెట్టి, గిన్నె మీదికి వంగి చెవి పెట్టాడు. ప్రకటనలో చూపించిన మూడు సెకన్లు అవే.

వీధి గోలెత్తింది. చప్పట్లు, ఈలలు. “అచ్చం కరీమునే! చెవితో సహా దించాడు!”

“చెవి చెల్లదు. పేరు రావాల,” అంది సామ్రాజ్యం.

“సైగ కింద లెక్క,” అన్నాడు జక్రయ్య.

కరీమున్ వాళ్ళ మాటలు వినలేదు. ఆమె కళ్ళు టీవీలో మాలిక్ మొహం మీద ఉన్నాయి. చెవి పెట్టినవాడు ఒక క్షణంలో లేవాలి. వీడు లేవలేదు. ఇటు తిప్పి అటు తిప్పి చెవి పెట్టాడు, నెత్తిన హోరెత్తే ఫ్యాను వైపు చూశాడు. కట్టెల మంట లేని పొయ్యి, మందపాటి అడుగున్న స్టీలు గిన్నె. గడియారంలో నిమిషం మిగిలింది. మాలిక్ ఉప్పు తీసుకుని ఇంకొంచెం చల్లాడు.

“ఒద్దురా,” అంది కరీమున్ చిన్నగా.

మొదటి జడ్జీ చెంచా నోట్లో పెట్టుకుని కనుబొమలు ఎత్తాడు. రెండో జడ్జీ నీళ్ళ గ్లాసు అందుకుంది. అప్పుడు మూడో ఆయన చెంచా కింద పెట్టి అన్నాడు, “చెఫ్ మాలిక్, ఇంత మంచి వంటకాన్ని ఉప్పు చంపేసింది. వండినంతసేపూ కెమెరాలు చూస్తూనే ఉన్నాయి. మీరు ఒక్కసారి కూడా రుచి చూడలేదు.”

“చూడలేదండి.”

“పదిహేనేళ్ళ అనుభవం మీది. రుచి చూడకుండా ప్లేటు పంపడమా? ఎవరండీ మీకిలా నేర్పింది?”

మాలిక్ మొహం పెద్దదై తెర నిండా ఆగింది. టక్కున వంటనూనె ప్రకటన వచ్చింది.

వీధిలో ఎవరూ లేవలేదు. నూనె తర్వాత సబ్బు వచ్చింది, సబ్బు తర్వాత సిమెంటు వచ్చింది. ఎవరు నేర్పారని వాణ్ణి ఎవరో ఒకరు అడగాలని కరీమున్ మూడేళ్ళుగా ఆశపడింది. అడిగారు. రెండు రాష్ట్రాలూ చూస్తుండగా అడిగారు. ఇప్పుడు వాడు నోరు తెరిచి ‘మా అత్త కరీమున్’ అంటే ఆమె పందెం గెలుస్తుంది, నలభై ఏళ్ళ పేరు నట్టేట పోతుంది. సిగ్గుతో ఆమె ఒళ్ళంతా వేడెక్కింది. ఆ సిగ్గులోనే ఇంకో మాట గుర్తొచ్చింది. వండేవాడికి చెవుడన్నమాట అని పండగ పూట తానే అంది. వాడు ఆ ఉప్పు దాల్చా రెండు గరిటెలు తలొంచుకుని తిన్నాడు.

సామ్రాజ్యం కుర్చీ దగ్గరికి జరుపుకుంది. ఆమె గొంతులో వెక్కిరింపు లేదు. “వాడు చెప్తే గెలిచేది నువ్వే వదినా.”

“చెప్తే చెప్పనీ. నేర్పింది నేనే కదా,” అంది కరీమున్. అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సిమెంటు అయిపోయింది. మాలిక్ మొహం మళ్ళీ వచ్చింది.

“ఇది ఎవరూ నేర్పింది కాదండి,” అన్నాడు. “తప్పు నాది.”

మొదటి ఎపిసోడ్‌లోనే మాలిక్ బయటికి వచ్చేశాడు. తెల్లకోటు విప్పి మడతపెట్టి బల్ల మీద పెట్టాడు. డప్పులు మోగాయి, పేర్లు పడ్డాయి.

వీధి భగ్గుమంది. ఓడినందుకు కాదు, పేరు చెప్పనందుకు. ఎవరూ నేర్పలేదా? పెంచి, అన్నం పెట్టి, గరిట చేతికిచ్చిన మనిషి ఎదురుగా ఉండగా? తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకం అన్నారొకరు. హైదరాబాదే నయం, ఇప్పుడు అదీ లేదన్నారు ఇంకొకరు.

కరీమున్ లేచి నిలబడింది. “నోళ్ళు ముయ్యండి! వాడు పేరు చెప్పలా, నేను ఓడా. అంతవరకే మీ పని. జక్రయ్యా, ఆ టిక్కీ కల్లానికి తోలించు. పొద్దున్నే వస్తా.”

పొద్దున్నే వెళ్ళింది. పరదా నీడన గోనె పరుచుకుని, ముక్కుకి కొంగు చుట్టుకుని, ఉత్త చేతులతో మొదలుపెట్టింది. పది గంటలకి వేళ్ళు మండటం మొదలైంది. సామ్రాజ్యం కర్రీ పాయింట్ మూసేసి పీట పట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది. “పందెం పందెమే. నేను తొడిమ ముట్టుకోను. ఊరికే రంగు పోయిన తాలుకాయలు ఏరతా,” అంది. తాలుకాయలు ఏరుతూ ఏరుతూ, జక్రయ్య అటు తిరిగినప్పుడల్లా నాలుగు మంచి కాయల తొడిమలు పీకి కరీమున్ కుప్పలో పడేసింది. జక్రయ్యకి అది కనబడుతూనే ఉంది, కాబట్టి ఆయన ఎక్కువసేపు అటే తిరిగి ఉన్నాడు.

మధ్యాహ్నానికి మాలిక్ వచ్చాడు. వీధిలో తిన్న తిట్లు మొహం మీదే ఉన్నాయి. గోనె మీద కూర్చుని ఒక గుప్పెడు కాయలు ముందుకి లాక్కున్నాడు.

“నా పేరు చెప్పుంటే నాకీ మంట తప్పేది కదరా,” అంది కరీమున్, కాయల మీంచి చూపు తిప్పకుండా.

“ఇంతకన్నా పెద్ద మంట అయ్యేదత్తా.”

“హోటల్లో కూడా ఇంతేనా? రుచి చూడవా?”

“అన్నీ చూస్తాను. చెంచా జేబులోనే ఉంటుంది. దాల్చా ఒక్కటే...” కాయ తొడిమ పీకి పారేశాడు. “దాల్చా చెంచాతో చూడబుద్ధి కాలేదు.”

కరీమున్ చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. నలభై ఏళ్ళలో ఎందరో ఆమె వంట మెచ్చుకున్నారు, ఒకాయన ఉంగరం తీసి ఇచ్చాడు. ఇంత మెప్పు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. సామ్రాజ్యం ముక్కు గట్టిగా చీదింది. ఘాటు అంది, ఎవరూ అడగకపోయినా.

“లే,” అంది కరీమున్. “మిగతా బస్తా రేపు. ఇంటికి పద, దాల్చా వండుదువు గాని.”

పెరట్లో ఆదాం కట్టెలు పేర్చాడు. మాలిక్ వండాడు. ఉడుకు పట్టాక గిన్నె అంచున చెవి పెట్టి, కరీమున్ వైపు చూశాడు. ఆమె పక్కన వంగి తనూ చెవి పెట్టింది. గిన్నె కుతకుతమంటోంది. ఆమెకి అలాగే వినబడింది. నిన్నటి తెర మీద, ఆ ఫ్యాను కింద నిలబడి ఉంటే తనకి మాత్రం ఏం వినబడేదని మొదటిసారి అనుమానం వచ్చింది.

గరిటె అంచున ఒక చుక్క తీసింది. ఆదాం చేతిలో కట్టె జారిపోయింది. కరీమున్ ఆ చుక్క వేలి మీద వేసుకుని నాలుక మీద పెట్టుకుంది.

“అమ్మో!” అని గంతేసింది. పొద్దున్నుంచీ తేజ కాయల్లో నానిన వేలు అది. నాలుక నిప్పుకణికైంది. మాలిక్ నీళ్ళు ఇచ్చాడు, ఆదాం పంచదార తెచ్చాడు. “ఇందుకేరా రుచి చూడకూడదనేది!” అని అరిచింది, కళ్ళమ్మట నీళ్ళు కారుతుండగా.

“ఉప్పు తెలిసిందా అత్తా?” మాలిక్ నవ్వు ఆపుకోలేకపోయాడు.

“నా మొహం తెలిసింది. ఆ మహాతల్లిని పిలు.”

సామ్రాజ్యం వచ్చింది. చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుంది. చెంచా అడిగి తీసుకుని, నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. అందరూ ఆమె మొహమే చూస్తున్నారు. ఆమె ఒక కన్ను తెరిచి కరీమున్ వైపు భయంగా చూసింది.

“బాగుంది వదినా. ఒక్క చిటికెడు...”

మాలిక్ అత్త వైపు చూశాడు. కరీమున్ ఉప్పు డబ్బా మూత తీసి, సామ్రాజ్యం ముందు పెట్టింది.

“నువ్వే వెయ్యి,” అంది. “నా చేతులు మండిపోతున్నాయి.”